స్కూటరు కొలత

షాపు ముందు కట్టించిన వాలు మీదికి స్కూటరు ఎక్కిందిగా, ఫస్టు గేరులో వేసి నేనే ఎక్కించానుగా, ఇస్తారి మేస్త్రి పక్కన నిలబడి చూశాడుగా, ఒక్క కుదుపు లేకుండా గడప దాకా వెళ్ళిందిగా, మరి అంత బరువు స్కూటరు ఎక్కిన చోట చేత్తో తిప్పే మూడు చక్రాల బండి ఎందుకు ఎక్కదు, అని ఈ మేడ్చల్ దవాఖాన వరండాలో బల్ల మీద కూర్చుని గంట నుంచి నాకు నేనే వాదించుకుంటున్నాను, లోపల ఎక్స్‌రే గదిలో వినోద ఉంది, శామీర్‌పేటలో మా డీటీపీ సెంటర్లో మూడేళ్ళుగా పెళ్ళికార్డులు కొట్టే పిల్ల, చిన్నప్పుడే పోలియో వచ్చి రెండు కాళ్ళూ చచ్చుబడ్డ పిల్ల, ఆటోలో వస్తున్నంతసేపూ కుడి మోచేతిని ఎడమ చేత్తో పట్టుకుని పళ్ళు బిగించి కూర్చుంది, ఆ పిల్లకి చెయ్యంటే చెయ్యొక్కటేనా, కాలూ అదే, బండి తిప్పేదీ అదే, నేల మీద ఒళ్ళు ఈడ్చుకునేదీ అదే, కీబోర్డు మీద కూడు సంపాదించేదీ అదే, భగవంతుడా, ఆ చెయ్యి కాస్తా పోతే దాని బతుకేం గాను.

నేనేమన్నా చెడు తలపెట్టానా, ఎవరైనా చెప్పండి, కరీంనగర్ రోడ్డు ఎత్తు పెంచారు, వానొస్తే నీళ్ళు కంప్యూటర్ల కిందికి చేరుతున్నాయని షాపును రెండున్నర అడుగులు లేపాను, సరిసంఖ్య మెట్లు పనికిరావని సిద్ధాంతిగారంటే అయిదు పెట్టించాను, ఆ అయిదూ వినోద రోజూ చేతుల మీదే ఎక్కేది, బండి కింద ఆపి, అరచేతులకి హవాయి చెప్పులు తొడుక్కుని, వీపు గుమ్మం వైపు పెట్టి ఒక్కో మెట్టు మీదికీ ఒంటిని ఎత్తుకుంటూ, నేను చూడలేక ఫోను చెవిన పెట్టుకుని ఎవరితోనో మాట్లాడుతున్నట్టు నటించేవాణ్ణి, అవతల ఎవరూ ఉండేవారు కాదు, మా ఆవిడ బాలాత్రిపురసుందరి ఒకనాడు కేరేజీ తెచ్చి ఆ ఎక్కడం చూసింది, ఏమండీ, మనం మనుషులమేనా అంది, అన్నం సహించలేదు నాకు, మర్నాడే ఇస్తారిని పిలిచాను, మెట్ల పక్కన ఏటవాలుగా దారి కట్టాలి మేస్త్రీ అంటే ఎంత పొడుగు గట్టాలె సారూ అన్నాడు, నేనేమన్నాను, ఈశాన్యం మూతపడకూడదన్నారు సిద్ధాంతిగారు, అయిదడుగులు దాటించకు అన్నాను, అయితే జర నిటారొస్తది సారూ, గని నీ స్కూటర్ ఎక్కిందనుకో, ఇగ ఏదైనా ఎక్కుతది అన్నాడు, మా ఇంటి ముందు స్కూటరు కోసం కట్టింది కూడా అంతే ఉంటుందిగా, ఈ చుట్టుపక్కల ఏ ఇంటి ముందు చూసినా అంతేగా, సరే కట్టెయ్ అన్నాను.

ఇస్తారిని అనాలి అసలు, వాడికి తెలియద్దూ, ముప్పై ఏళ్ళ మేస్త్రి, కాదు, సిద్ధాంతిని అనాలి, కాదు, ఈ పిల్ల కాస్త ముందుకు వంగి తిప్పితే ఏం పోయింది, ఛీ, ఏం మాట్లాడుతున్నాను నేను, సిగ్గులేదు నాకు, అదుగో వాళ్ళ నాయిన పర్వతాలు వచ్చాడు, కోళ్ళఫారంలో పని మధ్యలో వచ్చినట్టున్నాడు, చొక్కా నిండా తవుడు, నన్ను చొక్కా పట్టుకుని లాగుతాడనుకున్నాను, లాగితే బాగుండేది, వచ్చి బల్ల కింద నేల మీద కూర్చున్నాడు, పైన కూర్చో పర్వతాలూ అంటే కూర్చోడు, పరేషాన్ గాకు సారూ, నువ్వు మంచికే జేసినవ్ గదా, మా రాత గిట్లున్నది అన్నాడు, ఒరే తండ్రీ తిట్టరా, నాలుగు తిట్టి పో, నువ్వలా మంచిగా మాట్లాడితే నేను తల ఎక్కడ పెట్టుకోను.

పొద్దున్న ఎంత హడావిడి చేశాను, కొబ్బరికాయ, అరటిపళ్ళు, పక్క షాపులవాళ్ళందరికీ పిలుపులు, వికలాంగులకు దారి కలదు అని బోర్డు, ఆ బోర్డు అక్షరాలు కొట్టింది కూడా వినోదే, నిన్న మధ్యాహ్నం, నవ్వుకుంటూ కొట్టింది, తొమ్మిదింటికి బండి తిప్పుకుంటూ వచ్చి ఎప్పటిలా మెట్ల దగ్గర ఆపి చెప్పులు చేతులకి తొడుక్కోబోతుంటే వద్దు వద్దు, ఇవాళ్టి నుంచి ఆ అవస్థ లేదు, నువ్వే మొదట ఎక్కాలి అని నేనే అడ్డం వెళ్ళాను, ఆ సిమెంటు వాలు వంక పైనుంచి కిందికి చాలాసేపు చూసింది, సంతోషం పట్టలేక చూస్తోందనుకున్నాను, ఇయ్యాలటికి మెట్లు ఎక్కుత తియ్యి సారూ అంది మెల్లగా, మొహమాటం అనుకున్నాను, భయమెందుకమ్మా, నీకోసమేగా కట్టించింది అన్నాను, అందరూ చప్పట్లు కొట్టారు, నేను అందరికన్నా గట్టిగా కొట్టాను, బండి సగం దాకా ఎక్కింది, అక్కడ ఆగింది, చేతిపిడి తిప్పుతున్న చెయ్యి వణకడం చూశాను, చూస్తూ కూడా ఇంకొంచెం, ఇంకొంచెం అని అరిచాను, వెనక్కి జారి పక్కకి పడింది బండి, పడేటప్పుడు ఆ పిల్ల కుడిచెయ్యి నేలకు ఆనించింది, కటుక్కుమన్న చప్పుడు నాకు ఇంకా వినబడుతూనే ఉంది.

తలుపు తీశారు, స్ట్రెచరు మీద వినోద, వెనక డాక్టరమ్మ, మోచెయ్యి రెండుచోట్ల విరిగింది, పట్నం తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించండి, మూడు నెలలు దాని మీద బరువు మోపకూడదు, ఆ తర్వాత కూడా పూర్తిగా చాపగలదో లేదో ఇప్పుడే చెప్పలేను అంటోంది, పర్వతాలు బిడ్డ తల నిమురుతున్నాడు, నేను గోడ పక్కకి తప్పుకున్నాను, డాక్టరమ్మ వంగి రోజూ బండి నడిపేదానివి కదమ్మా, అది అంత నిటారుగా ఉందని తెలియలేదా అని అడిగింది, నన్ను చూడలేదు వినోద, నేను గోడ చాటున ఉన్నాను, తెలిసింది మేడమ్, సూడంగనే తెలిసింది, పడతనని గుడ తెలిసింది, గని మా సారు మస్తు ఖుషీగుండె, గంతమందిల కాదంటె సిన్నబోతడని ఎక్కిన అంది.

చూడగానే తెలిసిందట, సిద్ధాంతి ఇంటికి రెండుసార్లు తిరిగాను, మేస్త్రితో కూర్చుని టీలు తాగాను, స్కూటరెక్కి చూశాను, నాకు ఆరడుగుల దూరంలో మూడేళ్ళుగా కూర్చున్న మనిషిని నీకెలా కావాలమ్మా అని ఒక్కమాట అడగలేదు, తనే నోరు తెరిచి చెప్తే విననూ లేదు, ఆ పిల్ల తనకున్న ఒక్క ఆధారాన్నీ విరగ్గొట్టుకుని నా ముచ్చట తీర్చింది.