రంగమ్మ కాదు, ఇందిరమ్మ

ఇందిరమ్మ పొద్దున పోయింది. మధ్యాహ్నానికల్లా ఊరు రాజశ్రీకి శ్రద్ధాంజలి ఘటించింది.

తప్పు ఒక ఫోన్ వార్తల చానెల్‌ది. ‘క్వార్టర్ కొమురయ్య భార్య కన్నుమూత’ అని పెట్టి, కింద రోకలి ఎత్తి పట్టుకున్న రాజశ్రీ ఫోటో వేశారు. క్వార్టర్ కొమురయ్య అంటే రాజలింగు. యూట్యూబ్‌లో ‘నవ్వుల మగ్గం’ అనే కామెడీ చానెల్‌లో రోజూ తాగొచ్చి పెళ్లాం చేత తన్నులు తినే మొగుడు. తన్నే పెళ్లాం పేరు రోకలి రంగమ్మ. ఆ వేషం రాజశ్రీది. ఆమెకు హనుమకొండలో సొంత మొగుడున్నాడు, ఇద్దరు పిల్లలున్నారు, ఒంట్లో నలతన్నది లేదు. ఇంట్లో కూర్చొని బెండకాయలు కోసుకుంటుంటే పాలకుర్తి నుంచి మేనత్త పూలదండ పట్టుకొని, ఏడ్చుకుంటూ ఆటో దిగింది. మేనకోడలు బతికే ఉందని చూసి సంతోషించిందా అంటే, లేదు. "బతికున్నదానివి ఒక ఫోన్ చెయ్యద్దా? గింత దూరం ఉరికొస్తిని" అని అలిగింది.

అసలు చావు కొత్తవాడలో, మగ్గాల సందులో జరిగింది. ఇందిరమ్మను వాకిట్లో పడుకోబెట్టారు. జనం బాగానే వచ్చారు. వచ్చినవాళ్లు వచ్చినట్టు మొహం మీదికి వంగి చూసి, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఈమెవరే?"

"కొమురయ్య పెండ్లామట."

"రంగమ్మ కాదా?"

"కాదటనే. రంగమ్మ మంచిగనే ఉందట."

"హమ్మయ్య!" ఆ మనిషి గుండె మీద చెయ్యేసుకుంది. "నా పానం జల్లుమన్నదనుకో."

రాజలింగు తలాపున కూర్చొని ఆ మాట విన్నాడు. శవం ముందర నిలబడి హమ్మయ్య అన్న మనిషిని చూడటం అతనికి అదే మొదలు. పొద్దుగూకేలోపు అట్లాంటివాళ్లను ఇంకా చాలామందిని చూశాడు. పాడె లేవకముందే సగం మంది లేచి వెళ్లిపోయారు. రంగమ్మ లేని చావులో వాళ్లకేం పని?

రాజలింగు పుట్టుకతో నవ్వులగాడు కాదు, పాటగాడు. మగ్గం తాతకూ తండ్రికీ అబ్బింది, ఇతనికి హార్మోనియం పట్టింది. భజనలకు పోయాడు, నాటకాలకు పోయాడు, పక్కన డోలక్ వాయించే గౌస్ పాషాతో కలిసి పిలిచిన ప్రతి ఊరికీ పోయాడు. గొంతు మంచిదని అందరూ ఒప్పుకున్నారు. ఒప్పుకొని, పక్కవాళ్లతో ముచ్చట్లు పెట్టుకున్నారు. చివరికి నర్సంపేటలో ఒక సభలో పాడుతుంటే కుర్చీ కాలు విరిగి వెల్లకిలా పడ్డాడు. హార్మోనియం వచ్చి రొమ్ము మీద కూర్చుంది. కాళ్లు ఆకాశానికి లేచినా వేళ్లు మెట్లను వదల్లేదు, నోరు పాటను వదల్లేదు. సభంతా పొట్టలు పట్టుకొని నవ్వింది. ఇరవై ఏండ్లు పాడితే రాని పేరు ఒక్కసారి పడితే వచ్చింది.

ఆ సభలో అఖిల్ ఉన్నాడు. ఇంజినీరింగ్ చదివి, ఇంజినీరింగ్ తప్ప అన్నీ చేసే మనిషి. మర్నాడే ‘నవ్వుల మగ్గం’ పెట్టే ఆలోచనతో ఇంటికొచ్చాడు.

"కాకా, నువ్వు పడుడు మస్తున్నది. వారం వారం పడుతవా?"

పడ్డాడు. బురదలో పడ్డాడు, బర్రె మీది నుంచి పడ్డాడు, రంగమ్మ రోకలి దెబ్బకు అరుగు మీది నుంచి పడ్డాడు. చుక్క ముట్టని మనిషి తాగుబోతుగా జిల్లాలు గెలిచాడు. దెబ్బ తిన్నప్పుడల్లా అతని ఏడుపు గొంతులో చిట్లి, కోడిపుంజు లేత కూతలా పైకి లేచేది. ఆ కూత కోసమే జనం చూసేవాళ్లు. పాటగాడి గొంతును అట్లా చిట్లగొట్టడం నేర్వటానికి అతనికి ఎంతోకాలం పట్టలేదు.

ఊరి నవ్వంతా ఇంట్లో ఇందిరమ్మ మోసింది. కూరగాయల దగ్గర, రేషన్ దుకాణం దగ్గర, "ఏమక్కా, ఇయ్యాల ఎన్ని ఏసినవ్?" అని అడిగేవాళ్లు కొందరు. "రంగమ్మ పెద్దదా? నువ్వు రెండోదానివా?" అని అడిగేవాళ్లు ఇంకొందరు. ఆమె మగ్గాలకు నూలు కండెలు చుట్టుకుంటూ బతికిన మనిషి. మొగుణ్ణి కొట్టడం మాట దేవుడెరుగు, గట్టిగా పిలిచి ఎరగదు. "ఒక్కసారి చెప్పరాదు, నీ పెండ్లాం ఇగో ఈమె అని" అనేది. "చెప్త తియ్" అనేవాడు. చెబితే రంగమ్మ పస పోతుందని అఖిల్ అన్నాడు. అఖిల్ మాట నిలిచింది.

కాటి నుంచి తిరిగొస్తుంటే రాజలింగుకు ఒకటే పట్టుదల పుట్టింది. దినాల నాటికి చచ్చిందెవరో ఈ ఊరికి తెలియాలి. బతికినన్నాళ్లు ఇంకొకతె నీడలో బతికింది. చావైనా ఆమె చావే కావాలి.

అఖిల్‌ను పిలిపించి ఆ మాటే చెప్పాడు. అఖిల్ కళ్లు తుడుచుకొని కెమెరా తెచ్చాడు. రాజలింగు వేషం లేకుండా, భార్య ఫోటో ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు. "ఈమె ఇందిరమ్మ. నా భార్య. పోయింది ఈమె. నన్ను ఏనాడూ కొట్టలే" అన్నాడు. చివరి మాట దగ్గర గొంతు చిట్లింది. చిట్లి, కోడిపుంజు కూతలా పైకి లేచింది. కెమెరా వెనక అఖిల్ పెదవి కొరుక్కున్నాడు. ఏడుపాపుకోవడానికి మాత్రం కాదు.

వీడియో ముఖచిత్రంగా మళ్లీ రాజశ్రీ ఫోటోనే పెట్టాడు.

"ఎందుకు రా?"

"కాకా, కోపం చెయ్యకు. చిన్నమ్మ ఫోటో పెడితే ఎవ్వలు నొక్కరు. నొక్కి లోపలికొచ్చినంక చిన్నమ్మనే చూస్తరు కదా!"

చూశారు. ‘యాక్టింగ్‌లో జీవించినవ్ అన్నా’ అని ఒకడు రాశాడు. ‘ఆ కూత ఉంది చూడు, నవ్వలేక సచ్చిన’ అని ఇంకొకడు. ‘రంగమ్మ ఎంట్రీ ఎప్పుడు?’ అని వందమంది. ‘ఇందిరమ్మ అంటే ఇండ్ల పథకమా? మాకింకా రాలేదు’ అని ఒక పెద్దమనిషి నిజంగానే బాధపడ్డాడు.

మూడోనాడు రాజశ్రీ ఫోన్ చేసింది.

"అన్నా, నేను చౌరస్తల ఉన్న. మీ అభిమాన సంఘమోళ్లు ఫ్లెక్సీ కట్టిండ్రు. నా బొమ్మకు దండేసి, కింద ‘మరువలేము’ అని రాసిండ్రు. ఆ కిందనే నిలబడి నేను ఆటో కోసం చూత్తాన."

"తీసెయ్యమని చెప్పకపోయినవా చెల్లె?"

"చెప్పిన. ‘అక్కా, సగం రోజుకే ఎట్ల తీస్తం, జర ఫికర్ చెయ్యకు’ అన్నరు. నాతోని ఫోటో దిగిండ్రు. మా ఆయన ఇంట్ల అగ్గి మీద గుగ్గిలమైతాండు. ఆయన బతికుండంగ నేను నీ పెండ్లాంగ సచ్చిననట."

రాజలింగు తనే పోయి ఆ ఫ్లెక్సీ చింపాడు. అది కూడా ఎవరో వీడియో తీశారు. బాగా నవ్వారట.

దినాల నాడు ఇంటి ముందు షామియానా వేశారు. ఇందిరమ్మ ఫోటోను పెద్దది చేయించి, అందరికీ కనపడేట్టు కుర్చీ మీద పెట్టాడు. రాజశ్రీ కూడా వచ్చింది, తెల్ల చీర కట్టుకొని, మర్యాదగా. ఆమెను చూడగానే షామియానా సగం ఖాళీ అయి ఆమె చుట్టూ చేరింది.

"పోయింది ఇందిరమ్మ వదిన. ఆమెకు దండం పెట్టుండ్రి" అని ఆమె గట్టిగానే చెప్పింది.

"పెడ్తం అక్కా. ఒక్క డైలాగ్!"

"సావింట్ల డైలాగేంది? సిగ్గుండాలె."

"ఒక్కటే అక్కా. పిల్లగాడు ఏడుత్తాండు."

రాజశ్రీ ఫోటో వైపు చూసింది, పిల్లగాడి వైపు చూసింది. తర్వాత నడుం మీద చెయ్యేసి ఒక్కటే డైలాగ్ చెప్పింది. ఈలలు పడ్డాయి.

రాజలింగు హార్మోనియం ముందు కూర్చున్నాడు. పక్కన గౌస్ పాషా డోలక్ బిగించాడు. భార్య పేరు మీద పాట కట్టుకొని ఉన్నాడు, నిదానమైన పాట, వేషాలకంటే ముందటి గొంతుతో పాడాల్సిన పాట. ఎత్తుకున్నాడు. మొదటి చరణం సగానికి రాగానే గొంతు చిట్లింది. అది ఇప్పుడు అతని చేతిలో లేదు. షామియానా మొత్తం ఘొల్లుమంది. బగారన్నం విస్తళ్ల ముందు కూర్చున్నవాళ్లకు పొలమారింది.

"ఆపుదామా లింగన్నా?" గౌస్ పాషా మెల్లగా అడిగాడు.

"ఆపితే ఇయ్యాల కూడా రంగమ్మదే అయితది. ఉరుకుడు దరువెయ్ భాయ్."

"ఇక్కడ్నా?"

"ఇక్కడ్నే."

దరువు మారింది. రాజలింగు కొమురయ్యలా మెడ వంకర పెట్టి అందుకున్నాడు:

"కొత్తవాడ ఇందిరమ్మ కొట్టలేదు మొగుణ్ణి
కండె చుట్టి కండె చుట్టి నిలబెట్టెను ఇంటిని
రోకలేది మా ఇంట్ల? మిక్సీ ఉంటె కాలిపాయె
ఇందిరమ్మ ఇందిరమ్మ, నిన్నెవలు చూడకపాయె!"

చప్పట్లు మొదలయ్యాయి. అతను జనం మీదికి తిరిగాడు.

"సచ్చిందెవలని వంగి చూసి హమ్మయ్యన్నరు
అన్నవోళ్లె ముందు వరుస బగారన్నం తిన్నరు
బతికున్నామె ఫోటోకేమొ బారెడంత దండలాయె
ఇందిరమ్మ ఇందిరమ్మ, నిన్నెవలు చూడకపాయె!"

హమ్మయ్య అన్న మనిషి అందరికంటే ఎక్కువ నవ్వింది. పక్కామెను పొడిచి, "నిన్నేనే అనేది" అంది. ఫ్లెక్సీ కట్టినవాళ్లు లేచి ఎగిరారు. ఎవరికి తగలాల్సిన దెబ్బ వాళ్లు పక్కవాళ్లకు వడ్డించి, వంతపాట మాత్రం అందరూ పాడారు. వాడ వాడంతా ఇందిరమ్మ ఇందిరమ్మ అని అరిచింది. ముప్పై ఏండ్లు ఆ సందులో బతికినా ఆమె పేరు అంతమంది నోట ఎన్నడూ పడలేదు.

నవ్వనిది పక్కింటి సమ్మమ్మ ఒక్కతే. ఇందిరమ్మతో కలిసి కండెలు చుట్టిన ముసలిది. పాటయ్యాక దగ్గరికొచ్చింది.

"ఆమె ఉంటే నీ హార్మోనియం పెట్టెను పొయ్యిల పెట్టేది రాజలింగూ."

"పేరన్న తెలిసింది కదా పెద్దమ్మా."

"తెలిసింది. నవ్వులాట పేరు తెలిసింది. నలుగుర్ల నవ్వులపాలైతనని ఆమె గడప దాటుడే బంద్ చేసె. సచ్చినంక నువ్వే దాటిత్తివి."

విస్తరి కూడా ముట్టకుండా పోయింది. రాజలింగు హార్మోనియం మూశాడు. చుట్టూ జనం సెల్ఫీలు దిగుతూనే ఉన్నారు. ఈసారి కొందరు ఇందిరమ్మ ఫోటో దగ్గర కూడా దిగారు.

పాట ఊరు దాటింది. ఆటోల్లో మోగింది, కాలేజీల్లో మోగింది, మార్కెట్‌లో పత్తి బస్తాల మీద కూర్చొని పాడుకున్నారు. రెండు వారాలకు అఖిల్ ఫోన్ చేశాడు. సంతోషంతో మాట తడబడుతోంది.

"కాకా! జనం రంగమ్మను ఇడిచిపెట్టిండ్రు. ఇందిరమ్మ ఎవరు, ఆ కారెక్టర్‌ను దింపుండ్రి అని ఒకటే అడుగుతాండ్రు. మెత్తటి మనిషి, మొగుణ్ణి కొట్టదు, కండెలు చుడ్తది. కొత్తగుంటది. రాజశ్రీ అక్కను అడిగిన, చేస్త అన్నది. ఏమంటవ్?"

రాజలింగు గోడకున్న ఫోటో వైపు చూశాడు.

"ఆ వేషం కట్టిన మనిషి పోయింది రా. ముప్పై ఏండ్లు కట్టింది, ఒక్కనాడు ఎవ్వలు చూడలే. ఇగ ఇంకొకలు కట్టరు."

అవతల అఖిల్ నవ్వాడు.

"అబ్బ! ఏం డైలాగ్ కాకా! ఆఖరుకు ఇదే పెడ్దాం. జర ఆగు, రాసుకుంట."

రాజలింగు ఆగాడు. అఖిల్ మధ్యలో ఒక ముక్క మరిచిపోతే, రెండోసారి నిదానంగా చెప్పాడు.