బాయిలర్లో కాపురం

పాత ఇనుము కొనే ఆవిడను వీధిలో అందరూ కాటా వదిన అనేవారు. మాటను కూడా తూచి గాని ఇవ్వదని ఆ పేరు. మొగుడు కొట్లో కూర్చుని అట్టలు, సీసాలు, పాత కాగితాలు కొంటాడు. పెద్ద సరుకు ఎక్కడున్నా వెళ్లి బేరమాడి తెచ్చేది ఆవిడే. కాపురానికి వచ్చిన నాటి నుంచీ తుక్కుతోనే సావాసం. ఎంత గొప్ప వస్తువు కంటబడినా, ముక్కలు చేస్తే ఎంత తూగుతుందన్నదే ముందు తోచేది. నోరు తెరుచుకుని చూడటం అనేది ఆవిడ ఎప్పుడో మరిచిపోయింది.

మూతబడిన సబ్బుల కార్ఖానాలో పాత బాయిలరు అమ్ముతున్నారంటే వెళ్లి కొనేసింది. వెనక షెడ్డులో, చుట్టూ ఇటుక కట్టుబడి మధ్య, పడుకున్న ఏనుగులా ఉంది అది. లోపలి గొట్టాలన్నీ ఎవరో ఏనాడో ఊడదీసి అమ్ముకున్నారు. మిగిలింది మందపాటి ఇనుప డొల్ల. దాన్ని కోయడానికి మరిదిని వెంటబెట్టుకెళ్లింది. గ్యాసు కటింగులో అతన్ని మించినవాడు లేడు. వాగుడులోనూ లేడు.

మరిది సిలిండర్లు దించి, నల్ల కళ్లద్దాలు నుదుటి మీదికి ఎక్కించుకుని, రేకు మందం తెలుసుకుందామని సుత్తితో ఒక్క దెబ్బ వేశాడు. లోపలి నుంచి జుమ్మని జవాబొచ్చింది. అతను ఒక్క గెంతున వెనక్కి వచ్చాడు.

"వదినా, దీనికి ప్రాణముంది!"

"పొద్దున్నే వేళాకోళాలేమిటి? అడుగున నీళ్లున్నాయేమో చూడు."

"నీళ్లయితే బుడబుడమంటాయి. ఇది మా అత్తగారిలా గొణుగుతోంది."

కాటా వదిన విసుక్కుంటూ వెళ్లి ఇనుము మీద అరచెయ్యి ఆనించింది. సన్నటి వణుకు చేతిలోంచి మోచేతి దాకా పాకింది. పక్కనే, పైపు ఊడదీసిన చోట, పిడికిలి పట్టేంత కంత ఉంది. తేనెటీగలు అందులోకి వస్తూ పోతూ ఉన్నాయి. ఆవిడ కాస్త వంగింది. లోపలి నుంచి వెచ్చటి గాలి మొహానికి తగిలింది. తేనె వాసన, మైనం వాసన కలగలిసిన గాలి. షెడ్డులో బూజు కూడా కదలడం లేదు. మరి ఈ గాలి ఎక్కడిది?

"ఊపిరి తీస్తోంది," అంది, తనలో తాను అనుకున్నట్టు.

బాయిలరు పైన మనిషి దూరేంత మూత ఉంది. దాని బోల్టులు తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. మరిది పానాతో కుస్తీపట్టి మెల్లగా తీశాడు. ఆవిడ నిచ్చెనెక్కి, చెంగు మొహానికి కప్పుకుని, లోపలికి టార్చి వేసింది.

ఆ చివర నుంచి ఈ చివర దాకా తేనెపట్లు. పై రేకు నుంచి కిందికి, ఆరేసిన చీరల్లా, వరసకు వరస. వరసకీ వరసకీ మధ్య ఈగ నడిచేంత సందు, బద్ద పెట్టి గీసినట్టు. పాతవి కారునలుపు, కొత్తవి మీగడ తెలుపు. వాటి మీద లక్షల రెక్కలు, ఒకే ఒక్క ఒంటి మీది చర్మంలా మిలమిలలాడుతూ కదులుతున్నాయి. చిమ్మచీకట్లో, ఎవరూ చూడని ఈ డొక్కులో, ఇంత పని!

"ఏముంది వదినా? చెప్పవేం?" అని మరిది కింది నుంచి అరిచాడు. ఆవిడ దిగొచ్చి, పైకి వెళ్లమని సైగ చేసింది. అతను ఎక్కాడు, చూశాడు, దిగాడు. పుట్టి బుద్ధెరిగాక అతని నోరు మూతబడటం అదే మొదలు.

గేటు కాపలా తాత చుట్ట ఆర్పకుండానే సలహా ఇచ్చాడు. "గొట్టాలు పీకేసినప్పటి నుంచీ ఉన్నాయమ్మా అవి. కిరసనాయిలు పోసి అగ్గిపుల్ల గీస్తే పీడ విరగడైపోద్ది."

"రేపు లారీ వస్తుంది వదినా," అని మరిది నసిగాడు.

"రేపు కాకపోతే ఎల్లుండి వస్తుంది. ఇంత ఊరిని తగలబెట్టి, ఆ ఇనుమును నేను ఏ చేత్తో తూచను?"

తోటల్లో తేనెపెట్టెలు పెట్టే ఆసామికి కబురు వెళ్లింది. అతను వచ్చి, మూతలోంచి తొంగిచూసి, తలకున్న టోపీ తీసేశాడు. "అమ్మా, నా చేత్తో వెయ్యి పట్లు విప్పాను. ఇలాంటిది చూళ్లేదు," అన్నాడు.

పొగడబ్బాతో మెల్లగా పొగ వదులుతూ, అతను మూతలోంచి లోపలికి దిగి ఒక్కో పట్టూ కోసి పైకి అందిస్తుంటే ఆవిడ అందుకుంది. పిల్ల ఈగలున్న పట్టు పసిపాప వీపులా వెచ్చగా ఉంది. దాన్ని దారంతో చెక్క చట్రాలకు కట్టి పెట్టెల్లో నిలబెట్టారు. రెండు ఈగలు కుట్టాయి. చెయ్యి వాచిన సంగతి ఆవిడకు తెలియనే లేదు.

చివరికి అతను పెట్టె గుమ్మం ముందు తెల్ల దుప్పటి పరిచి, మిగిలిన ఈగలను చేటతో ఎత్తి కుప్పగా పోశాడు. కాసేపు అంతా గందరగోళం. తరవాత గుమ్మం దగ్గరున్న నాలుగైదు ఈగలు తోకలెత్తి రెక్కలాడించడం మొదలుపెట్టాయి. అంతే, కుప్ప మొత్తం అటు తిరిగింది. ఎగరలేదు, తోసుకోలేదు. దుప్పటి మీద ఏరు పారినట్టు నడుచుకుంటూ లోపలికి వెళ్లిపోయాయి.

"వాటికి దారి చెప్పిందెవరు?" అని మరిది గుసగుసగా అడిగాడు.

"తల్లి ఈగ లోపలుంది బాబూ. గుమ్మంలో వాళ్లు తమ ఒంటి వాసన విసురుతున్నారు, ఇల్లు ఇదేనని," అన్నాడు ఆసామి.

మేతకు వెళ్లినవి కూడా తిరిగొచ్చి చేరాలని పెట్టెలను మర్నాటి సాయంత్రం దాకా అక్కడే ఉంచాడు.

రాత్రి అన్నం దగ్గర ఆవిడ మొగుడికి చెప్పబోయింది. గాల్లో చేతులతో పట్ల వరసలు గీసి చూపించింది. "నువ్వొచ్చి చూడాలి," అంది.

"పనివేళ షట్టరు దించితే జనం ఏమనుకుంటారే? ఈగల కోసం కొట్టు మూస్తారా ఎవరైనా?"

అయినా మర్నాడు మధ్యాహ్నం దించాడు, సణుగుతూనే. షెడ్డులోకీ సణుగుతూనే వచ్చాడు. పెట్టె ముందు గొంతుక్కూర్చున్నాడు. పుప్పొడి కాళ్లకు మూటగట్టుకుని ఒక్కో ఈగా దిగుతోంది, గుమ్మంలో క్షణం ఆగి లోపలికి వెళుతోంది. ఆవిడ వెనకాల నిలబడి, ఏమంటాడా అని ఎదురుచూసింది.

చాలాసేపటికి అతను తల తిప్పకుండానే చెయ్యి ఊపాడు.

"కాస్త పక్కకి జరుగు. నీ నీడ వాటి మీద పడుతోంది."