బావ పువ్వులకి కాయ పట్టలేదు

ఇసుకపువ్వు గింజ మొలవాలంటే గరుకు కాగితంతో దాని పెంకుని రెండు రుద్దులు రుద్దాలి. ఈ కిటుకు కనుక్కోవడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది. నా నోట్‌బుక్కు కొట్టేయడానికి మా బావకి ఒక్క మధ్యాహ్నం పట్టింది. ఆ నెలలోనే తన నర్సరీ ముందు "ఎడారి పువ్వుకి ప్రాణం పోసిన మనిషి" అని తన ఫొటోతో బోర్డు పెట్టించాడు. నిలదీస్తే, "నా దగ్గర కుండీలు కడిగేదానివి, నీకెందుకమ్మా ఇవన్నీ" అన్నాడు.

ఒళ్ళు మండిపోయింది. పని మానేసి, నర్సరీ గోడకి ఇవతల మా పెరట్లో నా మొక్కలు నేను వేసుకున్నాను. ఏడాది బతుకు మొక్క అది. గింజ కట్టకపోతే మళ్ళీ ఏడు ఉండదు.

బావ నాలుగు మళ్ళు వేసి, గింజలిస్తానని పార్కు వాళ్ళకి మాటిచ్చాడు. ఆకుల మీద వేలెడేసి పచ్చ పురుగులు కనబడగానే మందు కొట్టించాడు. పొద్దుగూకాక విచ్చే ఆ పువ్వుల మీద వాలి, పుప్పొడి మోసే పెద్ద చిమ్మటల పిల్లలే అవి. నాకు తెలిసిందే కదా అని నోట్‌బుక్కులో రాసుకోలేదు. గోడ మీంచి ఒక్క కేక వేస్తే సరిపోయేది. చచ్చినా వెయ్యకూడదనుకున్నాను.

పువ్వులు విరగబూశాయి. కాయ ఒక్కటీ లేదు.

బావ అక్కని వెంటబెట్టుకుని వచ్చాడు. "ఏం లోపమో చెప్పు తల్లీ, నా పరువు పోతుంది."

"ముందా బోర్డు పీకించు బావా."

మర్నాటికల్లా పీకించాడు. అప్పుడు చెప్పాను పురుగుల సంగతి. అతని మొహం మాడిపోయింది. నా కడుపు నిండిపోయింది.

"మరిప్పుడెలా?"

పొద్దుగూకాక అతని మడి పక్కన కుర్చీ వేసుకుని, అతని చేతిలో సన్న కుంచె పెట్టాను. "చిమ్మటల పని నువ్వే చెయ్యి. ఈ మొక్క పుప్పొడి ఆ మొక్క పువ్వుకి అద్దు. తెల్లారేలోపు ముడుచుకుపోతాయి, కానియ్."

అక్క మా పెరటి వైపు చూసింది. "నీవాటికీ కాయల్లేవేంటే?"

చిమ్మటలు గుడ్లన్నీ బావ మళ్ళలోనే పెట్టాయి. చావాల్సినవన్నీ అక్కడే చచ్చాయి. ఈ ఏడు మా పెరట్లోకీ ఒక్కటీ రాలేదు.

నా పువ్వులకని తెచ్చుకున్న రెండో కుంచె నా ఒళ్ళోనే ఉంది. అయినా బావ నడుము పట్టుకుని "అమ్మో" అనేదాకా కుర్చీలోంచి లేవలేదు. నేను లేచేసరికి నా పువ్వులు సగం ముడుచుకుపోయాయి.