ముద్ర పడని బొమ్మ

పారిస్‌లో ఏటా జరిగే సలోన్ అనే చిత్రప్రదర్శనవాళ్ళు చిత్రకారుడు ఎవారిస్ట్ కొలొంబెల్ బొమ్మలను, ఏడాదికొకటి చొప్పున, వరసగా తొమ్మిదేళ్ళు తిప్పికొట్టారు. అలా తిప్పికొట్టిన ప్రతి బొమ్మ వెనకా, చట్రం చెక్క మీద, పనికిరాదని ముద్ర గుద్ది పంపేవాళ్ళు. ఆ మహానుభావుడు తొమ్మిదింటినీ వీపులు బయటికి కనిపించేలా ఇంట్లో వేలాడదీశాడు. వచ్చినవాళ్ళు ముందు ముద్రలు చూడాలి. బొమ్మల్లోని నదీ, పొగమంచూ, పడవలూ గోడకేసి చూస్తూ ఉండేవి. భార్య ఒనొరీన్ ఇన్నేళ్ళూ చెక్కలకే దుమ్ము దులిపింది.

సలోన్ అంటే గిట్టని కొత్తరకం చిత్రకారులలో ఆ ముద్రలకున్న విలువ అంతా ఇంతా కాదు. వాళ్ళంతా చేరే బాతిన్యోల్ పేట కాఫీ హోటల్లోకి కొలొంబెల్ అడుగుపెడితే సగంమంది లేచి చోటిచ్చేవారు. తొమ్మిది ముద్రలు ఇంకెవరికీ లేవు మరి.

పదో ఏడు, బొమ్మను తీసుకున్నామని ఉత్తరం వచ్చింది.

"కొంప మునిగింది, ఒనొరీన్! ఇక హోటల్లో నా మొహం ఎవడు చూస్తాడు?"

"మా నాన్న చూస్తాడులే. అల్లుడు గోడలకు సున్నాలేస్తాడని ఊళ్ళో చెప్పుకుంటున్నాడు పాపం."

అతనికి నవ్వు రాలేదు. పరుగున వెళ్ళి, ఎంపిక చేసినవాళ్ళలో ఒక పెద్దమనిషిని, బొమ్మను తిప్పి పంపమని కాళ్ళావేళ్ళా పడ్డాడు.

"నచ్చి తీసుకున్నామని నీకెవరు చెప్పారయ్యా?" అన్నాడాయన. "రోజుకి ఆరొందల బొమ్మలు. భోజనాల వేళ ఎవరో చెయ్యెత్తారు, అందరం ఎత్తాం. ఇప్పుడు మార్చడం కుదరదు."

ఇక మిగిలింది ఒక్కటే ఆశ. జనం బొమ్మను చూసి పగలబడి నవ్వితే పరువు నిలుస్తుంది.

ప్రదర్శన తొలిరోజు భార్యాభర్తలిద్దరూ వెళ్ళారు. బొమ్మను కప్పు దగ్గర, గుర్రమెక్కిన సేనాపతి పటం పైన తగిలించారు. హోటల్ మిత్రులు తిట్టిపోద్దామని వచ్చి, మెడలు నొప్పిపుట్టేదాకా వెతికి, దొరక్క భోజనానికి పోయారు. రెండు గంటలు గడిచినా ఒక్కడూ నవ్వలేదు. చివరికి కొలొంబెలే చేతికర్ర ఎత్తి చూపిస్తూ మొదలుపెట్టాడు.

"ఇదేం బొమ్మండీ బాబూ! పిల్లి తోక ముంచి అలికినట్టుంది! హహ్హహ్హా!"

పక్కనున్న ముసలావిడ చిన్నబుచ్చుకుంది.

"ఊరుకోండి నాయనా. ఎవరో పాపం, బుద్ధిగానే వేశాడు. మా భోజనాల గదిలో పెట్టుకుంటే ఎంత ముచ్చటగా ఉంటుందో!"

ఒనొరీన్‌కు నవ్వు ముంచుకొచ్చింది. మొగుడి మొహం చూసి మింగేసింది. ఊరంతా ఛీకొట్టినా చెక్కుచెదరని మనిషి, ఆ కాస్త మెచ్చుకోలుకే నిలువునా కూలబడి వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు.