బొడ్రాయి మీద పెట్టిన గుర్తు

మా అబ్బాయి ఐజాక్ నెట్‌లో వంశవృక్షం తయారుచేస్తున్నాడు. ఒక్కొక్కరి పేరు కింద పుట్టిన ఊరు రాసి, మ్యాపులో సరిగ్గా ఆ చోట గుర్తు పెట్టాలట. సర్వేయరుగా ముప్పైరెండేళ్లు ఊళ్లవాళ్ల పొలాలు కొలిచి రిటైరైనవాణ్ణి, ఆ పని నాకు వదిలెయ్యమన్నాను. నరసరావుపేట నుంచి బండేసుకుని నకరికల్లు అవతల ఉన్న మా ఊరెళ్లాను. మా అమ్మ పుట్టిన గుడిసె జాగాలో ఇప్పుడెవరివో గడ్డివాములున్నాయి. వాటి పక్కన ఎండలో నిలబడి అక్షాంశం, రేఖాంశం ఆరు దశాంశ స్థానాలదాకా కాగితం మీద రాసుకొచ్చి కొడుకు చేతిలో పెట్టాను.

వారం తర్వాత వాడు ఫోన్‌లో చూపించాడు. గుర్తు ఊరి నడిమధ్య, బొడ్రాయి మీద ఉంది.

నాకు ఒళ్లు మండిపోయింది. బొడ్రాయికి బిందెలతో నీళ్లు పోసే పండగనాడు మా అమ్మను ఆ బజారు మొదట్లోనే ఆపేసేవాళ్లు. మేం కాలవ అవతల పల్లెలో ఉండే మాలవాళ్లం. బతికున్నన్నాళ్లూ తొక్కనివ్వని చోట, చచ్చాక మనవడు తీసుకెళ్లి కూర్చోబెట్టాడు.

"ఏందిరా ఇది? నేనిచ్చిన అంకెలు ఏమైనై?"

"ఊరి పేరు రాస్తే గుర్తు ఊరి మధ్యలోనే పడిద్ది నాన్నా. అందరూ అట్నే పెడతారు."

"నాకు సర్వే నేర్పమాకరా."

ఐజాక్ తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "యశస్విని ఇది స్కూల్లో చూపించాలి. దాని క్లాసులో మనూరి పెద్ద రైతుల పిల్ల ఉంది. కాలవ అవతల గుర్తు చూస్తే చాలు, మనమెవరమో చెప్పేసిద్ది. ఇంతకాలం ఎవరూ అడక్కుండా బతికాం. ఇప్పుడెందుకు కెలకటం?"

"మీ నాయనమ్మ ఎక్కడ పుట్టిందో చెప్పుకోటానికి సిగ్గయితే ఈ వంశవృక్షం ఎందుకురా? పీకి పారెయ్యి."

వాడు ఫోన్ నా చేతికిచ్చి, "నువ్వే పెట్టు" అన్నాడు. పెట్టాను. కాలవ దాటించి, నా అంకెలు కొట్టి, సేవ్ చేశాను. గెలిచాననిపించింది.

సాయంత్రం మనవరాలు యశస్విని ప్రాజెక్టు రాసుకుంటూ ఫోన్ పట్టుకొచ్చింది.

"తాతయ్యా, మీ అమ్మది మనూరే గదా. మరి గుర్తు ఊరి బయటుందేంది? అందర్నీ వదిలేసి అంత దూరాన ఎందుకున్నారు?"

ఐజాక్ నా మొహంలోకి చూస్తున్నాడు. ఇన్నేళ్లలో ఆ పిల్లకు వాడూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. పద్నాలుగేళ్ల పిల్ల. రేపు పొద్దున అదే క్లాసులో ఆ రైతుల పిల్ల పక్కన కూర్చోవాలి. పొద్దున కొడుకు మీద ఎగిరిన నేనే ఇప్పుడు అబద్ధం వెతుక్కుంటున్నాను. నా మీద నాకే అసహ్యమేసింది.

"ఊళ్లో జాగా చాలకనమ్మా" అన్నాను.

పిల్ల తలూపి, మా అమ్మ పేరు కింద ఖాళీ గడిలో ఆ మాటే రాసింది. సరిగ్గా రాశానా అని నాకు చూపించింది.

సరిగ్గానే ఉందని చెప్పాను.