ప్లానుస్ వంశం

వడ్రంగి తాతకు ఆ రోజు పని మీద మనసు లేదు. పొద్దుటి నుంచి ఒకే పలకను చిత్రిక పడుతూ కూర్చున్నాడు. మనవరాలికి లాటిన్ చదువులో సీటు వచ్చేదీ రానిదీ ఆ పూటే తేలాలి. చచ్చిన భాష చదివి ఎవర్ని ఉద్ధరిస్తుందని ఇంటిల్లిపాదీ నవ్వారు.

మనవరాలు పరుగున వచ్చింది.

"తాతా, ఇంటర్వ్యూలో 'ప్లానుస్' అనే లాటిన్ మాట అడిగారు! చదునైన అని అర్థం. మగమాట పక్కన ప్లానుస్, ఆడమాట పక్కన ప్లానా, రెండూ కానిదానికి ప్లానుమ్. ఇంగ్లీషు ప్లెయిన్, స్పానిష్ యానో, ఇటాలియన్ పియానో, అన్నీ దాని పిల్లలే."

"వాయించేదా?"

"వాళ్ల భాషలో పియానో అంటే మెల్లగా అని కూడా. చదునుకీ మెల్లగాకీ ఏం చుట్టరికమని నిలదీశారు. మా తాత చిత్రిక పట్టిన పలక మీద చెయ్యి పోనిస్తే చప్పుడే ఉండదండీ అన్నాను. సీటిచ్చేశారు!"

తాత లేచి పక్క కొట్టు కమ్మరి దగ్గరికి వెళ్లి సంగతంతా చెప్పాడు.

"నీకూ నోరుందని ఇవాళే తెలిసిందిరా!" అన్నాడు కమ్మరి.

తాత వినిపించుకోలేదు. "మగమాట పక్కన ప్లానుస్..." అంటూ ఎదురు కొట్టువైపు నడిచాడు.