రెండో సగం సిరిసిల్లలో ఉంది

కోరుట్ల నుంచి సిరిసిల్ల దాకా ఎంత వెతికినా, సముద్రంలో మునిగి ఆల్చిప్ప తీసిన మొనగాణ్ణి నేనొక్కణ్ణే. ఏడు తాడిచెట్ల లోతు. ఊపిరి బిగబట్టి దిగుతుంటే చేపలు పక్కకు జరిగి దారి ఇచ్చాయి.

అప్పట్లో ఓసారి సిరిసిల్ల బస్సులో నా పక్కన కూర్చున్న కొమురయ్య అనే పెద్దమనిషికి ఇదే చెప్పాను. చెబుతూ జేబులోంచి చిప్ప తీసి ఆయన అరచేతిలో పెట్టాను.

మా చెరువుల్లో దొరికే ఆల్చిప్ప పలచగా, నున్నగా, లోపల మెరుస్తూ ఉంటుంది. ఇది అట్లా కాదు. నిమ్మకాయంత ఉన్నా రాయిలా మందం. వీపు మీద దున్నిన చేనులాగా చాళ్ళు, ఒక్కో గట్టు మీద పూసలు గుచ్చినట్టు బుడిపెలు. లోపల తెల్లగా ఉందిగానీ మెరుపు లేదు. అన్నిటికన్నా వింత దాని కీలు. తిన్నటి గీత, ఆ గీత పొడుగునా దువ్వెనకున్నట్టు సన్నటి పళ్ళు.

"సగమే ఉన్నదేంది?" అన్నాడు కొమురయ్య.

"రెండో సగం తిమింగలం గుంజుకున్నది" అన్నాను.

అంతలో పోలీసులు బస్సు ఆపారు. అవి అన్నల రోజులు, నక్సలైట్ల కోసం ప్రతి బండీ వెతికేవాళ్ళు. చినిగిన నోటు సగం జేబులో దొరికితే చాలు, మిగతా సగం ఏ దళం దగ్గరుందో చెప్పమనేవాళ్ళు. ముఖం తెలియనివాళ్ళు రెండు ముక్కలు కలిపి ఒకరినొకరు గుర్తుపడతారని వాళ్ళ అనుమానం. ఠాణాకు పోయినవాడు ఎప్పుడు తిరిగొస్తాడో ఇంట్లోవాళ్ళకు తెలిసేది కాదు.

ఎస్సై కాకినాడ వైపు మనిషి. చిప్ప చేతిలోకి తీసుకుని, "రెండోది ఎక్కడ?" అన్నాడు.

నాకంటే ముందు కొమురయ్యే నోరు తెరిచాడు. "తిమింగలం గుంజుకున్నదట సార్. ఏడు తాడిచెట్ల లోతుల."

ఎస్సై చిప్పను అటూ ఇటూ తిప్పాడు. "ఇది లోతులో ఉండదయ్యా. ఒడ్డున, ఆటుకు నీళ్ళు వెనక్కి తీసినప్పుడు బయటపడే బురదలో పూడుకుని ఉంటుంది. మా ఊళ్ళో ఆడవాళ్ళు నడుచుకుంటూ పోయి ఏరుకొస్తారు. అసలు నువ్వు సముద్రం చూశావా?"

"లేదు సార్. జగిత్యాల ఖిల్లా కందకంల నీళ్లే నేను చూసిన పెద్ద నీళ్లు. గిది మా బామ్మర్ది దుబాయ్ నుంచి తెచ్చిండు. రెండో సగం సిరిసిల్లల మా అక్క దగ్గరున్నది. పిల్లగానికి ఉగ్గు పడ్తది దాంతోని."

"ఇందాక తిమింగలమన్నావు. ఇప్పుడు అక్కంటున్నావు."

"తిమింగలమే నయం సార్. అడిగితె ఇస్తుండె."

అతను నవ్వలేదు. నన్ను జీపెక్కించాడు. ఆ సగం దొరికితే ఇల్లు, దొరక్కపోతే ఠాణా. దారి పొడుగునా నా నోట్లోంచి ఒక్క కథ రాలేదు. అక్క దాన్ని ఎక్కడైనా పారేసి ఉంటే?

సిరిసిల్లలో అక్క రత్నమాల పిల్లవాణ్ణి చంకనేసుకుని బయటికొచ్చింది. జీపును చూసింది, తరవాత నన్ను.

"ఏం కథ చెప్పినవ్‌రా వీళ్లకు?"

"చిప్ప ఉన్నదా అక్కా?"

"ఉన్నది. నీకు మళ్ల ఇయ్య."

"ఇయ్యకు. సార్‌కు చూపెట్టు."

లోపలికి పోయి తెచ్చింది. ఎస్సై రెండు సగాలు ఒకదాని మీద ఒకటి పెట్టాడు. అవి సరిగ్గా కూర్చోలేదు. సర్ది మళ్ళీ పెట్టాడు. మధ్యలో వేలి గోరు పట్టేంత సందు.

"కలవట్లేదు" అన్నాడు.

"ఎట్ల కలుస్తది సార్? పండ్ల సందుల ఉగ్గు ఎండిపోయింది. ఇటియ్యుండ్రి" అంటూ అక్క లాక్కుంది. పిన్నీసుతో గీకి, కడిగి, కొంగుతో తుడిచి ఇచ్చింది.

ఈసారి పళ్ళలోకి పళ్ళు దిగి, చిప్ప టక్కుమని మూసుకుంది. ఎస్సై దాన్ని వెలుతురుకు ఎత్తి చూశాడు. వెలుగు గీతంత కూడా రాలేదు.

"దేని జత దానికే. ఎంత దగ్గరి సైజుదైనా వేరేదానితో ఇట్లా కూర్చోదు" అన్నాడు. నన్ను పట్టుకొచ్చిన సంగతే మరిచిపోయినట్టు చిప్పను తెరుస్తూ మూస్తూ ఉండిపోయాడు. "బతికున్నప్పుడు దీని పైన గోధుమరంగు నూగుంటుందమ్మా. కోస్తే మనకులాగే ఎర్రటి నెత్తురొస్తుంది."

"ఎర్రదా?" అంది అక్క. "గా మాట ఠాణాల అనకుండ్రి సార్. దీన్ని గూడ పట్టుకపోతరు."

అప్పుడు నవ్వాడు. ఒక సగం ఆమెకు, ఒకటి నాకు ఇచ్చి జీపెక్కాడు.

టక్కుమందన్నాను చూశారూ, అది నేను కల్పించింది. అక్కావాళ్ళ వీధిలో అటూ ఇటూ పవర్‌లూమ్‌లు మోగుతుంటే ఎస్సై మాట వినడానికే చెవి ఒగ్గాల్సి వచ్చింది. చిప్ప చప్పుడెక్కడ వినిపిస్తుంది? అతని ముఖం చూసి కలిసిందని తెలుసుకున్నాను. ఎర్ర నెత్తురు కూడా నా కల్పనే అనుకునేరు. ఆ మాట మాత్రం ఎస్సైదే.